ముప్పై ఎనిమిది అభ్యంతరాలు

నేను అంగన్‌వాడీ టీచర్ని. పేరు ప్రసన్నకుమారి. మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చినగరువు మా ఊరు. పిల్లలకి పాలూ గుడ్లూ పెట్టడం, బాలింతల బరువు చూసి రాయడం నా పని. దానికి తోడు పదకొండేళ్లుగా మా ఊరి రెండో పోలింగ్ బూత్‌కి బీఎల్ఓని కూడా. ఆ బూత్ ఓటర్ల జాబితా నా బాధ్యత. ఎవరికి పద్దెనిమిది నిండాయి, ఎవరు కాలం చేశారు, ఏ ఇంటికి కొత్త కోడలొచ్చింది, అన్నీ ఇల్లిల్లూ తిరిగి కనుక్కుని పైకి పంపాలి.

ఎన్నికల ముందు వచ్చిన కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం, పిల్లల్ని ఇళ్లకి పంపేసి ఫోన్‌లో ఓటర్ల జాబితా యాప్ తెరిచాను. ముప్పై ఎనిమిది ఫారం ఏడులు వచ్చి ఉన్నాయి. ఫారం ఏడంటే ఫలానా వాళ్ల ఓటు తీసెయ్యమని ఇంకొకరు పెట్టే అభ్యంతరం. మామూలుగా ఏడాదంతా కలిపితే నాకు నాలుగో ఐదో వస్తాయి, అవీ పోయినవాళ్ల మీద. ఇవి మాత్రం అన్నీ ఒకే వీధివి. మురుగు కాలువ పక్కనున్న కాలనీ. కారణం కూడా అందరికీ ఒక్కటే: శాశ్వతంగా ఊరు వదిలి వెళ్లిపోయారు. అభ్యంతరం పెట్టిన మనిషీ ఒక్కడే. చిట్టియ్య.

ముందు నాకు నవ్వొచ్చింది. చిట్టియ్య బాబాయ్‌కి తన పేరు రాసుకోవడం కూడా రాదు. యాభై ఐదేళ్ల మనిషి, ఉదయభాస్కర్‌గారి రొయ్యల చెరువుల మీద కాపలా. భార్య పోయాక చెరువు గట్టు మీద రేకుల షెడ్డులోనే ఉంటున్నాడు. నాకు చుట్టం కాదు గానీ చిన్నప్పట్నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. అలాంటివాడు ఆన్‌లైన్‌లో ముప్పై ఎనిమిది అర్జీలు పెట్టడమేంటి అనుకుంటూ పేర్లు కిందికి జరుపుతున్నాను. పదహారో పేరు దగ్గర నవ్వు ఆగిపోయింది. చిన్నమ్మాయి. ఆవిడ చిట్టియ్యకి తోడబుట్టిన అక్క.

అంతకు ముందు ఏడాది కాలనీ వెనక పదెకరాల వరి చేను తవ్వి చెరువులు చెయ్యాలని ఉదయభాస్కర్‌గారు అనుకున్నారు. చెరువులొస్తే బోరు నీళ్లు ఉప్పగా అయిపోతాయని కాలనీవాళ్లు గ్రామసభలో అడ్డం తిరిగారు. కలెక్టరాఫీసు దాకా వెళ్లారు. తవ్వకం ఆగింది. ఆయనకి ఆ కోపం ఉంది. పైగా రాబోయే ఎన్నికల్లో వాళ్ల పార్టీ తరఫున మా బూత్ ఆయన పూచీ. ఆ వీధి ఓట్లు ఎటు పడతాయో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు.

సాయంత్రం కాలనీకి వెళ్లాను. చిన్నమ్మాయత్త గుమ్మంలో కూర్చుని ఎండు రొయ్యలు బాగు చేస్తోంది. పేరు చిన్నమ్మాయే గానీ డెబ్బై దాటాయి. నేను చెప్పింది విని చేతులు చీరకి తుడుచుకుంది.

“నేనెక్కడికి పోయానంట?”

“ఊరొదిలి వెళ్లిపోయావని రాశారత్తా.”

“ఎవరే రాసింది?”

యాప్‌లో పేరు పడినంత మాత్రాన ఆయనే పెట్టాడని ఎలా చెప్పను? “ఎవరో ఆన్‌లైన్‌లో పెట్టారత్తా, కనుక్కుంటాను” అన్నాను. ఆవిడ “మా ఆయన పోయిన మూడో నాడు కూడా వెళ్లి వేసొచ్చాను ఓటు. మైల మనిషినని ఎవరో అంటే, ఓటుకి మైలేంటని వెళ్లాను. నన్ను లేదంటారా?” అంది.

మర్నాడు పొద్దున్నే చెరువుల దగ్గరికి వెళ్లాను. చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి. చిట్టియ్య బాబాయ్ మేత బస్తాలు సర్దుతూ నన్ను చూసి నవ్వుతూ వచ్చాడు.

“ఏంటి టీచరమ్మా, ఇంత దూరం వచ్చావు?”

చెప్పాను. ఆయనకి సగం అర్థం కాలేదు. అర్థమయ్యేకొద్దీ మొహం పాలిపోయింది.

“నా ఫోను గణేష్‌బాబు పట్టుకెళ్లాడమ్మా మొన్న. చెరువుల కరెంటు సబ్సిడీకి పేర్లు ఎక్కించాలన్నాడు. నెంబరొస్తుంది, రాగానే చదివి చెప్పు అన్నాడు. నాకు చదవడం ఎక్కడొచ్చు? తనే చూసుకున్నాడు. రెండు పూటలు అట్టిపెట్టుకుని ఇచ్చేశాడు.”

గణేష్‌బాబు అంటే ఆ చెరువుల మీద సూపర్‌వైజరు.

“మీ అక్క పేరు కూడా ఉంది బాబాయ్.”

ఆయన మేత బస్తా మీద కూర్చుండిపోయాడు. “అక్క పేరా?” అన్నాడు. వెంటనే, “అక్కకి తెలుసా?” అన్నాడు.

“నీ పేరు చెప్పలేదు. కానీ నువ్వు ఒక కాగితం ఇవ్వాలి. ఇవి నేను పెట్టినవి కావు, నా ఫోను ఇంకొకళ్లు వాడారు అని. నేను రాస్తాను, నువ్వు వేలిముద్ర వెయ్యి.”

“వేస్తే గణేష్‌బాబు ఊరుకుంటాడా? ఉదయభాస్కర్‌గారు ఉండనిస్తారా ఇక్కడ?” చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “నువ్వు వెళ్లి వాళ్లంతా ఇళ్లలోనే ఉన్నారని రాసెయ్యమ్మా. ఉన్నారు కదా? అప్పుడు ఎవరి ఓటూ పోదు. నా కాగితంతో పనేంటి? నా మాట బయటికి రానివ్వకు. నీకు దణ్ణం పెడతాను.”

నిజంగానే రెండు చేతులూ ఎత్తబోయాడు. పట్టుకుని ఆపాను. ఆయన చెప్పింది నాకూ సబబుగానే అనిపించింది. నేను విచారణలో నిజం రాస్తే అర్జీలు కొట్టేస్తారు. అందరి ఓట్లూ నిలుస్తాయి. ఆయన ఉద్యోగమూ నిలుస్తుంది. సరేనని మాటిచ్చాను. ఆ మాట ఇవ్వకుండా ఉండాల్సింది.

మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. ముప్పై ఎనిమిది మందిలో ఒకాయన పోయిన మాట నిజమే. ఒకమ్మాయి పెళ్లయి రావులపాలెం వెళ్లిపోయింది, అదీ నిజమే. మిగతా ముప్పై ఆరుగురిలో పదిహేను మంది ఇళ్లలోనే ఉన్నారు. ఇరవై ఒక్కమంది ఇళ్లకి తాళాలు. వాళ్లంతా పెళ్లాం మొగుళ్లు కలిసి చెరువుల మీద కాపలాకి వెళ్లినవాళ్లు. రొయ్యల పట్టుబడికి పట్టుబడికి మధ్య ఇంటికొస్తారు. రేషన్ ఇక్కడే, పిల్లల బడి ఇక్కడే, ఆ పిల్లల్ని చూసుకునే ముసలివాళ్లు పక్కిళ్లలోనే.

నాలుగో రోజు ఉదయభాస్కర్‌గారు స్వయంగా అంగన్‌వాడీకి వచ్చారు. చెప్పులు బయటే విడిచి వచ్చి పిల్లల చిన్న కుర్చీలో కూర్చున్నారు.

“మీరు చాలా కష్టపడుతున్నారని విన్నానండి. నేనేం తప్పు రాయమనట్లేదు. తాళం ఉన్న ఇంటికి తాళం ఉందని రాయండి చాలు. నిజమే కదండీ అది?”

“తాళం ఉన్నా వాళ్లు ఈ ఊరివాళ్లేనండి.”

“నెలల తరబడి చెరువుల మీద ఉంటున్నారు కదండీ. అక్కడే రాయించుకోమనండి ఓటు.”

మాట మెత్తగానే ఉంది. లేస్తూ మాత్రం, “ఈ బిల్డింగు మా బావగారిదే కదండీ, అద్దె కాగితం ఈ మార్చికి అయిపోతుందనుకుంటా” అన్నారు.

ఆ సాయంత్రం ట్రైనింగులో ఇచ్చిన పుస్తకం తీసి చదివాను. కొన్నాళ్లు ఊళ్లో లేనంత మాత్రాన మనిషి ఆ ఊరివాడు కాకుండా పోడని పందొమ్మిది వందల యాభై నాటి చట్టంలోనే ఉంది. ఎవరి పేరైనా తీసేముందు వాళ్లని పిలిచి వాళ్ల మాట వినాలని ఉంది. అబద్ధం చెప్పి అర్జీ పెడితే ఏడాది వరకూ జైలని ఉంది. జాబితా పనిలో తప్పు చేసిన ఉద్యోగికి కూడా జైలే. ఆ పేజీ చదువుతుంటే నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఎవరో ఎప్పుడో ఢిల్లీలో కూర్చుని మా కాలనీ కోసమే రాసినట్టు అనిపించింది. ఏడాది జైలన్న మాట ఎవరికి తగులుతుందో ఆ పూట ఆలోచించలేదు.

ముప్పై ఆరుగురూ స్థానికులేనని రాసి పంపాను. దాంతో అయిపోతుందనుకున్నాను. కానీ ఒకే మనిషి ఐదుకి మించి అభ్యంతరాలు పెడితే పై అధికారి స్వయంగా విచారించాలట. పది రోజులకి అందరికీ నోటీసులొచ్చాయి. చిట్టియ్య బాబాయ్‌కి కూడా.

విచారణ మండలాఫీసులో. డిప్యూటీ తాసిల్దారు సత్యశ్రీగారు కూర్చున్నారు. ముప్పై ఏళ్లుంటాయేమో. ఏ పక్కా మొగ్గదని ఆవిడకి పేరు. కాలనీవాళ్లు రెండు ట్రాక్టర్ల మీద వచ్చారు. చెరువుల మీదున్నవాళ్లు కూడా ఆ పూటకి సెలవు అడుక్కుని వచ్చారు. ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి పట్టుకున్నారు. చిన్నమ్మాయత్త ఉతికిన తెల్ల చీర కట్టుకొచ్చింది.

ఒక్కొక్కళ్లనీ పిలిచారు. పేరు, ఇంటి నెంబరు, ఎక్కడ పనిచేస్తున్నారు, ఇంటికి ఎప్పుడెప్పుడు వస్తారు. సత్యశ్రీగారు విసుక్కోకుండా విన్నారు. తలుపు దగ్గర గణేష్‌బాబు నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం రెండింటికి ఆవిడ పెన్ను కింద పెట్టి, “మీ ముప్పై ఆరుగురి ఓట్లూ ఉంటాయండి. ఎవరూ తియ్యలేరు” అన్నారు. ఆడవాళ్లు దణ్ణాలు పెట్టారు. ఎవరో చప్పట్లు కొట్టారు.

“కూర్చోండి, ఇంకా అవలేదు” అన్నారావిడ. “అభ్యంతరం పెట్టిన చిట్టియ్య ఎవరు?”

కాలనీవాళ్లకి ఆ పేరు అప్పుడే తెలిసింది. గోడవారగా నిలబడ్డ చిట్టియ్య బాబాయ్ ముందుకొచ్చాడు. తుండుగుడ్డ భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఇవి నువ్వే పెట్టావా?”

ఆయన తలుపు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. తర్వాత అక్క వైపు చూశాడు.

“నేనేనండి.”

“చదువుకున్నావా?”

“లేదండి.”

“మరి ఆన్‌లైన్‌లో ఎలా పెట్టావు? ఎవరైనా సాయం చేశారా? భయపడకుండా చెప్పు. ఇంకొకళ్లు నీ ఫోను వాడుకుంటే తప్పు నీది కాదు.”

ఆవిడ దారి చూపించారు. అంతకంటే ఏ అధికారీ చెయ్యలేరు. ఆయన నోరు విప్పితే చాలు. నేను విప్పినా చాలు. ఆయనకిచ్చిన మాట గుర్తొచ్చింది. అద్దె కాగితం కూడా గుర్తొచ్చింది. ఏది ముందు గుర్తొచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు.

“ఎవరూ లేరండి. నేనే పెట్టానండి” అన్నాడు మళ్లీ.

సత్యశ్రీగారు అది రాసుకుని, వేలిముద్ర వేయించుకున్నారు. “తప్పుడు ప్రకటన కింద ఫిర్యాదు పంపాలి. నాకు వేరే దారి లేదు” అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు.

బయటికొచ్చాక కాలనీ మగవాళ్లు ఆయన్ని చుట్టుముట్టారు. తిట్టారు. ఒకడు చొక్కా పట్టుకున్నాడు. చిన్నమ్మాయత్త అడ్డం వెళ్లి చొక్కా విడిపించింది. తమ్ముడితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లి ట్రాక్టరెక్కింది. గణేష్‌బాబు బండి మీద చిట్టియ్య బాబాయ్ చెరువులకి వెళ్లిపోయాడు.

నేను లోపలికి తిరిగి వెళ్లి సత్యశ్రీగారికి జరిగింది చెప్పాను. ఆవిడ నిట్టూర్చారు. “ఇందాక ఎందుకు చెప్పలేదండీ?”

ఆవిడ ఫైలు మళ్లీ తెరిచారు.

“రాసివ్వండి. ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది.”

కాగితం ఇచ్చారు. రాద్దామని కూర్చున్నాను. గణేష్‌బాబు పేరు దగ్గర చెయ్యి ఆగింది. అతను ఫోను తీసుకోవడం నేను కళ్లారా చూశానా? చిట్టియ్య బాబాయే కాదంటే నేను ఏమవుతాను? ఇంటికెళ్లి మావారితో ఒక మాట చెప్పి రేపు తెస్తానన్నాను. మావారు వద్దన్నారు. రెండు రోజులు నిద్ర లేదు. మూడో రోజు ఆయనకి చెప్పకుండా బస్సెక్కి వెళ్లి ఇచ్చాను. ఫైలు ముందురోజే స్టేషన్‌కి వెళ్లిపోయిందన్నారు. నా కాగితం మీద ముద్ర వేసి తీసుకున్నారు. దాన్ని కూడా వెనకాలే పంపుతామన్నారు. పంపారో లేదో తెలీదు. ఎస్ఐగారు ఒకసారి పిలిచి, “మీ కళ్లతో చూశారా?” అని అడిగారు. లేదన్నాను. రాసుకున్నారు.

చిట్టియ్య బాబాయ్‌ని ఒక పగలంతా స్టేషన్లో కూర్చోబెట్టి బెయిలు మీద వదిలారు. ఏ చోటు కోసం నోరు మూసుకున్నాడో ఆ చోటూ నిలవలేదు. కేసున్న మనిషిని చెరువు మీద పెట్టుకుంటే పోలీసులు వస్తూ పోతూ ఉంటారని ఉదయభాస్కర్‌గారు షెడ్డు ఖాళీ చేయించారు. కాలనీలో ఆయన ఇంటి కప్పు ఎప్పుడో కూలిపోయింది. ఎవరూ రమ్మనలేదు. రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు మోసే పనికి వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది.

ఒక రోజు చిన్నమ్మాయత్త ఇంటికెళ్లి అంతా చెప్పాను. ఫోను సంగతి, చెరువు దగ్గర ఆయన నాతో అన్న మాటలు, నేను నోరు మూసుకున్న సంగతి. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని విన్నది.

“వాడికి అక్షరం ముక్క రాదని నాకు తెలీదటే? ఎవరో చేయించారని ఆ గదిలోనే తెలిసింది.”

“మరి పిలవొచ్చు కదత్తా ఇంటికి.”

“వాడు నా మొహం చూసి అన్నాడే, నేనేనండి అని. ఉద్యోగం పోద్దనే అన్నాడు. అంటే నాకంటే ఆ షెడ్డే ఎక్కువైంది వాడికి.” పుల్ల ఎగదోసింది. “తప్పు వాడిది కాదని నా బుర్రకి తెలుసు. పిలవడానికి మాత్రం నోరు రావట్లేదు.”

నన్నేమీ అనలేదు. అంటే బావుండేది.

ఎన్నికలు మే నెలలో వచ్చాయి. ఓటరు స్లిప్పులు పంచేటప్పుడు చిట్టియ్య బాబాయ్ స్లిప్పు పట్టుకుని రావులపాలెం వెళ్లాను. మార్కెట్లో లారీ పక్కన కూర్చుని ఉన్నాడు. భుజం మీద గోనెపట్టా, చొక్కా నిండా అరటి మరకలు. మనిషి సగమయ్యాడు. స్లిప్పు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“కేసుంటే ఓటు తీసేస్తారు కదమ్మా?”

“తియ్యరు బాబాయ్. కేసుకీ దానికీ సంబంధం లేదు. నీ ఓటు నీదే.”

“అక్కదీ ఉందా?”

“ఉంది. అందరివీ ఉన్నాయి.”

తలూపాడు. స్లిప్పు మడిచి జేబులో పెట్టుకుని, “చూస్తాను” అన్నాడు. క్షమించు బాబాయ్ అందామనుకున్నాను. ఈలోగా మేస్త్రీ కేకేశాడు. ఆయన లేచి గెల భుజానికెత్తుకున్నాడు.

పోలింగు రోజున కాలనీ అంతా ఏడు గంటలకే వచ్చేసింది. చెరువుల మీద నుంచి కూడా అందరూ వచ్చారు. నేను బడి గేటు దగ్గర బల్ల వేసుకుని జాబితాలో నెంబర్లు వెతికి చెబుతున్నాను. పదకొండు కాకుండానే ముప్పై ఆరు మందీ వేసేశారు. చిన్నమ్మాయత్త వేలికున్న సిరా చూసుకుంటూ బయటికొచ్చింది. ఇంటికి వెళ్లలేదు. గేటు పక్కన గోడ నీడలో కూర్చుంది. నేను మజ్జిగ ప్యాకెట్ ఇస్తే తాగింది. ఎవరి కోసమని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. రావులపాలెం నుంచి మా వైపు రావాలంటే రెండు బస్సులు మారాలి. మధ్యాహ్నం బస్సొచ్చినప్పుడు ఒకసారి లేచి రోడ్డు మీదికి చూసింది. నాలుగింటి బస్సుకీ అంతే.

ఆరింటికి గేటు మూసేశారు. చిన్నమ్మాయత్త లేచి చీర దులుపుకుని, “వస్తానమ్మా” అని ఇంటికి నడిచింది.

గెలిచింది ఉదయభాస్కర్‌గారి మనిషి కాదు. దాంతో మాకు ఒరిగిందేమీ లేదు. కొత్తగా వచ్చినవాళ్లతోనూ ఆయనకి నాలుగు నెలల్లో మాట కలిసింది. కాలనీ వెనక పదెకరాలూ మొన్న శీతాకాలంలో తవ్వేశారు. అంగన్‌వాడీ కూడా ఖాళీ చేయించారు. ఇప్పుడు పంచాయతీ పాత గదిలో నడుపుతున్నాను, వానొస్తే కారుతుంది. గణేష్‌బాబు ఇంకా సూపర్‌వైజరుగానే ఉన్నాడు.

చిట్టియ్య బాబాయ్ మీద కేసు నరసాపురం కోర్టులో నడుస్తోంది. ప్రతి వాయిదాకీ ఆయన రావులపాలెం నుంచి వస్తాడు. బంట్రోతు పేరు పిలుస్తాడు, ఆయన బోనెక్కుతాడు, తేదీ ఇస్తారు, దిగుతాడు. పోయిన వాయిదాకి నేనూ వెళ్లాను. లాయరుగారు నన్ను సాక్షిగా వేస్తానంటే ఆయన ఒప్పుకోలేదట.

“టీచరమ్మ చిన్న పిల్లలతో పనిచేసే మనిషండి. ఆవిణ్ణి కోర్టుల చుట్టూ తిప్పకండి” అన్నాడట.

నేను లాయరుగారి గుమాస్తా దగ్గర సాక్షుల్లో నా పేరు రాయించి, సంతకం పెట్టి వచ్చాను. బస్టాండులో ఆయన కనిపించాడు. ఆయన రావులపాలెం బస్సు ఒకవైపు, నా బస్సు ఇంకోవైపు. బెంచీ మీద నా పక్కన ఖాళీ ఉన్నా కూర్చోలేదు. నిలబడే, “అక్క ఎలా ఉందమ్మా?” అని అడిగాడు.

బాగానే ఉందన్నాను. మోకాళ్లు పట్టేసి ఇంట్లోంచి బయటికి రావట్లేదని చెప్పడానికి మనసొప్పలేదు. బస్సొస్తే ఎక్కాడు. కిటికీ పక్క చోటు దొరికింది గానీ, ఇటు వైపు చూడలేదు.